కార్నర్ వచ్చినప్పుడు ఏం చెయ్యాలి

బెంగళూరులో మారతహళ్ళి చుట్టుపక్కల తెలుగిళ్ళలో పిల్లల ఆట అంటే క్రికెట్, లేదంటే షటిల్. మా అమ్మాయి మాత్రం ఫుట్‌బాల్ పట్టుకుంది. పదేళ్ళది, కాస్త పొడుగని సెంటర్ బ్యాక్‌లో, అంటే గోల్ ముందు కాపలా కాసే డిఫెండర్‌గా నిలబెట్టారు. గ్రౌండ్‌లో కన్నడం, కోచ్‌తో ఇంగ్లీషు, కారెక్కాక మాతో తెలుగు. అవతలివాళ్ళు మైదానం మూల నుంచి కొట్టే బంతి, అదే కార్నర్, గాల్లో వస్తే తలతో బయటికి కొట్టడం దాని డ్యూటీ. ఇంట్లో గొడవంతా ఆ డ్యూటీ గురించే.

మా మామయ్యగారిది సికింద్రాబాద్. అప్పటి భారత జట్టు కోచ్ రహీం సాబ్ కథలు చెబుతూ మనవరాలికి ఆట నూరిపోసింది ఆయనే. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో తలకి కుట్లు పడిన జర్నైల్ సింగ్ మళ్ళీ బరిలోకి దిగడం, ఫైనల్లో దక్షిణ కొరియా మీద గోల్ కొట్టడం, 2-1తో బంగారు పతకం రావడం. ఎన్నిసార్లు చెప్పినా దానికి తనివి తీరదు. గొప్ప కథే, కాదనను. పిల్ల ఆడటం మొదలెట్టాక మాత్రం నా మనసు ఆ కుట్ల దగ్గరే ఆగిపోతోంది.

తెనాలి నుంచి అమ్మది ఇంకో గోల. "అలా తలతో కొడితే పెద్దయ్యాక మతి పోతుందట, ముందు ఆ ఆట మాన్పించెయ్యి" అంటుంది. ఊరికే భయపడే మనిషి కాదు. మతి పోయిన మా నానమ్మకి ఏళ్ళ తరబడి అన్నం తినిపించింది, స్నానం చేయించింది. ఆ జబ్బు ఇంట్లో ఏం చేస్తుందో నాకు ఏ డాక్టరూ అంత బాగా చెప్పలేడు. దానికి మామయ్యగారి జవాబు, "మీ నానమ్మ ఏం ఫుట్‌బాల్ ఆడిందమ్మా?"

నవ్వొచ్చింది కానీ, సరిగ్గా ఆ ప్రశ్నకే గ్లాస్గో విశ్వవిద్యాలయం వాళ్ళు లెక్క తీశారు. ఆ మతి పోయే జబ్బు, డిమెన్షియా, ఆటగాళ్ళకీ వస్తుంది, బంతి ముట్టనివాళ్ళకీ వస్తుంది. ఎవరికి ఎక్కువ అన్నదే ప్రశ్న. డాక్టర్ విల్లీ స్టూవర్ట్ బృందం స్కాట్లండ్‌లో 7,676 మంది మాజీ ప్రొఫెషనల్ ఆటగాళ్ళని, అదే వయసు మామూలు జనం సుమారు 23,000 మందితో పోల్చింది. మెదడు క్షీణించే జబ్బులతో చనిపోవడం ఆటగాళ్ళలో దాదాపు మూడున్నర రెట్లు ఎక్కువని 2019లో తేలింది. 2021లో అదే బృందం ఇంకో సంగతి బయటపెట్టింది. గోల్‌కీపర్లలో ముప్పు మామూలు జనంలో ఉన్నంతే, డిఫెండర్లలో అందరికంటే ఎక్కువ, సుమారు అయిదు రెట్లు. మా పిల్ల నిలబడేది అక్కడే. వాళ్ళంతా ఏళ్ళ తరబడి ఆటే ఉద్యోగంగా బతికిన మగవాళ్ళు, ఇది వారానికి మూడు సాయంత్రాలు ఆడే ఆడపిల్ల. నిజమే. అయినా ఆ వాక్యం చదివాక నిద్ర పట్టలేదు.

ఇంగ్లండ్ స్ట్రైకర్ జెఫ్ ఆస్టల్ 2002లో 59 ఏళ్ళకే పోయాడు. తలతో బంతులు కొట్టీ కొట్టీ మెదడు దెబ్బతిందనీ, వృత్తి వల్ల వచ్చిన జబ్బుతోనే పోయాడనీ విచారణ జరిపిన కరోనర్ తేల్చాడు. గనుల్లో పనిచేసేవాళ్ళ ఊపిరితిత్తుల జబ్బుకి ఇచ్చేలాంటి తీర్పు! "అవి నీళ్ళు పీల్చి బరువెక్కే పాత తోలు బంతులమ్మా" అంటారు మామయ్యగారు. కానీ ఇప్పటి బంతి కూడా, పొడిగా ఉన్న పాత బంతికి దాదాపు సమానమైన బరువే, 410 నుంచి 450 గ్రాములు. పైగా ఇంకా వేగంగా వస్తుంది. స్పృహ తప్పేంత దెబ్బే తగలక్కర్లేదు. పుర్రె లోపల ద్రవంలో తేలే మెదడు బంతి తగిలిన ప్రతిసారీ కదులుతుంది. పిల్లలకి మెడ కండరాలు బలహీనం, ఒంటితో పోలిస్తే తల పెద్దది.

అమెరికాలో పదేళ్ళు, అంతకంటే చిన్న పిల్లలకి 2015లోనే హెడింగ్, అంటే తలతో బంతి కొట్టడం, ఆపేశారు. 2020లో ఇంగ్లండ్, స్కాట్లండ్ ప్రైమరీ స్కూల్ వయసు పిల్లల ప్రాక్టీసులోంచి తీసేశాయి. మా అకాడమీలో రాసిపెట్టిన రూల్ ఏదీ లేదు.

అలాగని మాన్పించను. ఆ మాజీ ఆటగాళ్ళు గుండెజబ్బుతో పోవడం మామూలు జనంలో కంటే తక్కువని ఆ 2019 లెక్కలోనే ఉంది. మరేం చెయ్యాలి? మా చిన్నప్పుడు పెద్దవాళ్ళకి తెలిసిన పద్ధతులు రెండే. భయమేస్తే మాన్పించెయ్యడం, లేదంటే "నాలుగు తగిలించండి మాస్టారూ, మేమేం అనుకోం" అని అప్పగించెయ్యడం. మాస్టారి దగ్గర కూర్చుని ఇది ఎందుకు, ఇంత అవసరమా అని అడగడం మాకెవరూ నేర్పలేదు. ఈ ఊళ్ళో పుట్టిన పిల్లకి అదేం పెద్ద విషయం కాదు, కోచ్‌ని పేరు పెట్టి పిలుస్తుంది. నేను మాత్రం "సర్" అంటూ నసుగుతూ వెళ్ళాను.

ఆయన ఇక్కడి ఆస్టిన్ టౌన్ గ్రౌండ్‌లో ఆడుతూ పెరిగిన మనిషి. కోపం తెచ్చుకోలేదు. "ఇప్పుడు నేర్పకపోతే పెద్దయ్యాక తప్పుగా కొట్టి దెబ్బ తగిలించుకుంటుంది" అన్నారు. అందులో న్యాయం ఉంది. చివరికి, ఎలా కొట్టాలో మెత్తటి స్పాంజి బంతితో చూపిస్తారు, వరసగా నిలబెట్టి తలతో కొట్టించే డ్రిల్‌కి మా అమ్మాయి పక్కన ఉంటుంది అని ఒప్పుకున్నారు. మ్యాచ్‌లో బంతి కిందపడేదాకా ఆగమన్నారు.

మా అమ్మాయికే నచ్చలేదు. మొన్నటి మ్యాచ్‌లో ఒక కార్నర్‌కి ఆగింది, గోల్ పడింది. "నీ వల్లే అమ్మా" అని దారంతా మొహం మాడ్చుకుంది. అమ్మ ఫోన్లో సంతోషించింది, మామయ్యగారు ఏమీ అనలేదు.

నన్ను కుదిపింది గోల్ కాదు, టీమ్‌లో పిల్లలు దాన్ని అదోలా చూడటం. ఒక్క పిల్లకే మినహాయింపు ఇస్తే ఆ పిల్లే పిరికిది అవుతుంది. అందుకే ఈ వయసు బ్యాచ్ మొత్తానికీ ఆ డ్రిల్ తీసెయ్యమని అడుగుదామని మిగతా తల్లిదండ్రులతో మాట్లాడుతున్నాను. ఇద్దరు కన్నడంవాళ్ళు, ఒక తమిళావిడ సరేనన్నారు. మన తెలుగువాళ్ళే, "కోచ్‌కి కోపం వస్తే మావాణ్ణి టీమ్‌లోంచి తీసేస్తాడేమోనండీ" అని ఇంకా ఆలోచిస్తున్నారు.