అణు గొడుగు పిడి ఎవరి చేతిలో ఉంది?

దక్షిణ కొరియా, అమెరికా రక్షణ మంత్రులు ఏటా ఒకసారి కూర్చుంటారు, ఒక ఏడాది సియోల్‌లో అయితే మరుసటి ఏడాది వాషింగ్టన్‌లో. సమావేశం ముగిశాక నాలుగైదు పేజీల ఉమ్మడి ప్రకటన బయటికొస్తుంది. మామూలు కంటికి ఏటా అదే పాట. ఈ వ్యవహారం తెలిసినవాళ్లు మాత్రం కిందటేడు ప్రకటన పక్కన పెట్టుకుని చదువుతారు, ఏ మాట జారిపోయిందా అని.

2020 అక్టోబరులో అలాగే ఒకటి జారిపోయింది. కొరియాలో ఉన్న అమెరికా బలగాలను ‘ప్రస్తుత స్థాయిలో’ కొనసాగిస్తామనే వాక్యం అంతకుముందు ప్రకటనల్లో మామూలుగా ఉండేది. ఆ ఏడాది లేదు. మంత్రులిద్దరూ కలిసి విలేకరులతో మాట్లాడాల్సిన కార్యక్రమం కూడా రద్దయింది. 2021 డిసెంబరు ప్రకటనలో ఆ వాక్యం మళ్లీ ప్రత్యక్షమైంది. మధ్యలో సైనికుల సంఖ్య మారలేదు, అది అప్పుడూ ఇప్పుడూ సుమారు 28,500. అయినా సియోల్ పత్రికలు ఆ ఒక్క వాక్యం మీద రోజుల తరబడి రాశాయి. ఎందుకంటే ఆ అంకె ఒప్పందంలో ఎక్కడా లేదు.

1953 అక్టోబరు 1న సంతకాలైన పరస్పర రక్షణ ఒప్పందం చాలా చిన్నది, మొత్తం ఆరు అధికరణాలు. రెండోది ‘ముప్పు వస్తే సంప్రదించుకుంటాం’ అంటుంది. మూడోది ‘ఎవరి రాజ్యాంగ పద్ధతుల ప్రకారం వాళ్లు స్పందిస్తాం’ అంటుంది. ఆరోది, ఏడాది ముందు నోటీసు ఇస్తే ఎవరైనా తప్పుకోవచ్చంటుంది. ఎంతమంది సైనికులు ఉండాలి, ఎన్ని రోజుల్లో రావాలి, అణ్వాయుధం సంగతేమిటి, వీటి మీద ఒక్క ముక్క లేదు. ఆ ఖాళీలన్నీ పూడ్చడానికే ఈ చర్చలు. 28,500 కంటే తగ్గించడానికి నిధులు వాడకూడదని 2020 ఆర్థిక సంవత్సరపు రక్షణ చట్టంలో అమెరికా కాంగ్రెసే షరతు పెట్టింది. దానికి ముందు ఏడాది ఆ గీత 22,000 దగ్గర ఉండేది. మిత్రదేశానికి ఇచ్చిన మాట బడ్జెట్ చట్టంలో ఒక పరిమితి రూపంలో నిలబడుతోందన్నమాట.

ఈ మంత్రుల సమావేశం పుట్టుక కూడా సంప్రదింపు లోపించిన చోటే. 1968 జనవరి 21న ఉత్తర కొరియా కమాండోలు 31 మంది అధ్యక్ష భవనం దరిదాపుల దాకా వచ్చారు. రెండు రోజులకే అమెరికా నిఘా నౌక ‘ప్యూబ్లో’ ఉత్తర కొరియా చేతికి చిక్కింది. వాషింగ్టన్ తన నావికుల విడుదల కోసం ఉత్తర కొరియా రాజధాని ప్యాంగ్‌యాంగ్‌తో నేరుగా మాట్లాడటం మొదలుపెట్టింది. మా అధ్యక్షుడిని చంపడానికి వచ్చినవాళ్ల సంగతి ఎవరికీ పట్టదా అని సియోల్ రగిలిపోయింది. ఆ కోపాన్ని చల్లార్చే ప్రయత్నాల్లోంచే ఆ ఏడాది మే నెలలో తొలి సమావేశం జరిగింది. మిత్రుల మధ్య ఉండే రెండు భయాలూ అప్పుడే బయటపడ్డాయి: మనల్ని ఒంటరిగా వదిలేస్తారేమో అని చిన్నవాడి భయం, వాడి గొడవలోకి మనల్ని లాగుతాడేమో అని పెద్దవాడి భయం. కాలక్రమంలో ఈ భయాలు చోట్లు మార్చుకుంటూ ఉంటాయి, ఆ సంగతి తర్వాత.

ఇప్పటి అమరికలో చాలా అంతస్తులున్నాయి. మంత్రుల సమావేశానికి ముందు ఇరుదేశాల సైనిక దళాల అధిపతులు తమ కమిటీలో కూర్చుంటారు. ఉప మంత్రుల స్థాయిలో 2011 నుంచి సమగ్ర రక్షణ చర్చ నడుస్తోంది. విదేశాంగ, రక్షణ శాఖలు రెండూ కలిసి కూర్చునే విస్తృత నిరోధ (మిత్రుడి మీద దాడికి దిగకుండా శత్రువును తన ఆయుధ బలంతో ఆపడం) వ్యూహ బృందం 2016లో వచ్చింది. దాని రెండో సమావేశం 2018 జనవరిలో అయితే మూడోది 2022 సెప్టెంబరులో. ఉత్తర కొరియాతో శిఖరాగ్ర భేటీల హడావుడి మధ్య నాలుగేళ్లకు పైగా మూలనపడిందది. సంస్థను కాగితం మీద పెట్టడం వేరు, క్యాలెండర్ మీద పెట్టడం వేరు.

అసలు చిక్కు అణ్వాయుధాల దగ్గర ఉంది. 1958 నుంచి 1991 దాకా అమెరికా అణ్వాయుధాలు దక్షిణ కొరియా గడ్డ మీదే ఉండేవి. 1960లలో ఒక దశలో వాటి సంఖ్య 900 దాటింది. 1991లో వాటిని తీసుకెళ్లిపోయాక మిగిలింది మాట ఒక్కటే: మీ మీద దాడి జరిగితే మా అణు శక్తితో సహా అన్నీ వాడి కాపాడతాం. అణు గొడుగు అంటే ఇదే. 2006 నుంచి 2017 దాకా ఉత్తర కొరియా ఆరు అణు పరీక్షలు చేసింది. అమెరికా నగరాలను చేరగల క్షిపణులనూ పరీక్షించింది. సియోల్‌ను కాపాడటానికి అమెరికా తన నగరాన్ని పణంగా పెడుతుందా అన్న ప్రశ్న అప్పటి నుంచి పండితుల గదిలోంచి ఎన్నికల సభల్లోకి వచ్చింది. 2022 సెప్టెంబరులో ప్యాంగ్‌యాంగ్ చేసిన చట్టం అణ్వాయుధాన్ని ముందుగా వాడటానికి కూడా దారి తెరిచింది. మనమే సొంతంగా బాంబు చేసుకుందామనే వాదనకు సియోల్‌లో బలం పెరిగింది.

దానికి జవాబుగా వచ్చిందే 2023 ఏప్రిల్ 26 నాటి వాషింగ్టన్ ప్రకటన. అప్పటి అమెరికా అధ్యక్షుడు బైడెన్, దక్షిణ కొరియా అధ్యక్షుడు యూన్ సుక్ యోల్ చేసుకున్న బేరం సూటిగా చెప్పుకోవచ్చు. అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందానికి కట్టుబడి ఉంటామని, అంటే సొంత బాంబు జోలికి పోమని, సియోల్ మళ్లీ మాటిచ్చింది. బదులుగా అణు సంప్రదింపుల బృందం అనే కుర్చీ దక్కింది. జూలై 18న సియోల్‌లో దాని తొలి సమావేశం జరిగిన రోజునే అమెరికా అణు క్షిపణి జలాంతర్గామి ‘కెంటకీ’ బుసాన్ రేవులో కనిపించింది. ఆ తరహా జలాంతర్గామి కొరియా రేవుకు రావడం 1981 తర్వాత అదే మొదలు. సముద్ర గర్భంలో కనిపించకుండా తిరగడమే దాని బలం. దాన్ని రేవులో కట్టి చూపించడం సైనికంగా పెద్ద లాభమేమీ కాదు, అది చాలావరకు సియోల్ ప్రజల కోసం చేసిన పని.

కుర్చీ అంటే ఎంత? చాలామంది పొరబడేది ఇక్కడే. అమెరికా అణ్వాయుధం వాడాలా వద్దా అన్న నిర్ణయం అమెరికా అధ్యక్షుడొక్కడిదే. ఈ బృందం దాన్ని ఇసుమంత కూడా మార్చలేదు. నాటోలో కొన్ని యూరప్ దేశాల విమానాలు అమెరికా అణు బాంబులు మోయడానికి సిద్ధంగా ఉంటాయి. కొరియాకు అదీ లేదు. ఉన్నదల్లా నిర్ణయానికి ముందు మాట వినిపించే అవకాశం. అయ్యాక చెవిన వేయడానికీ, కాకముందు అడగడానికీ ఉన్న తేడాను యంత్రాంగంగా మార్చడమే వీళ్ల పని.

ఆ యంత్రాంగంలో ఏముంటుంది? మొదట, ఇద్దరు అధ్యక్షుల మధ్య భద్రమైన సమాచార లైను. సియోల్‌కూ వాషింగ్టన్‌కూ కాలాన్ని బట్టి 13 లేదా 14 గంటల తేడా, ఒకరికి మధ్యాహ్నమైతే మరొకరికి అర్ధరాత్రి. సరిహద్దు రేఖ నుంచి సియోల్ 50 కిలోమీటర్లే, క్షిపణికి అది నిమిషాల దూరం. ఆ నిమిషాల్లో దుబాసీని వెతుక్కుంటూ కూర్చుంటే సంప్రదింపు సంతాప సందేశంగా మారుతుంది. రెండోది, రహస్య సమాచారం ఎవరి దాకా వెళ్లొచ్చన్న నియమాలు. అణు ప్రణాళికలు అమెరికాలో అత్యంత గోప్యమైనవి. కొరియా అధికారికి అందులో ఎంత చూపించాలో తేలకపోతే సమావేశంలో ఇరుపక్షాలూ పత్రికల్లో వచ్చిందే మాట్లాడుకుంటాయి. మూడోది, కొరియా మామూలు ఆయుధాలూ అమెరికా అణ్వాయుధాలూ ఒకే ప్రణాళికలో ఇమడటం. అణు దాడి చేసే విమానానికి దారి కల్పించాలంటే శత్రు రాడార్లను ముందే దెబ్బతీయాలి, ఆ పని కొరియా విమానాలు చేయగలవు. కానీ ఏ గంటకు, ఏ లక్ష్యం మీద అన్నది ముందే తెలియాలి. 2024 జూలైలో ఖరారైన మార్గదర్శకాలు ఈ దిశలోనివే. అదే నెలాఖరున ప్యోంగ్‌టేక్‌లోని అమెరికా సైనిక స్థావరం క్యాంప్ హంఫ్రీస్‌లో ‘ఐరన్ మేస్’ పేరుతో తొలి బల్ల మీది విన్యాసం (దళాలు కదలకుండా గదిలో కూర్చుని చేసే సాధన) జరిగింది. అక్టోబరు 1న కొరియా సైన్యం తన వ్యూహాత్మక కమాండ్‌ను ఏర్పాటు చేసింది. అంటే అమెరికా అణు విభాగం ఫోన్ చేస్తే ఇటువైపు ఎత్తేవాడు ఒకడు తయారయ్యాడు.

ఇంత పకడ్బందీగా అల్లినది ఎక్కడ తెగింది? ప్యాంగ్‌యాంగ్ దగ్గర కాదు. 2024 డిసెంబరు 3 రాత్రి యూన్ సైనిక పాలన ప్రకటించారు. కొన్ని గంటల్లోనే పార్లమెంటు దాన్ని కొట్టేసింది. సరిగ్గా ఆ వెంటనే వాషింగ్టన్‌లో జరగాల్సిన అణు బృందం నాలుగో సమావేశం, దానితోపాటు విన్యాసం వాయిదా పడ్డాయి. సమావేశం 2025 జనవరి 10న జరిగింది. సంక్షోభంలో నిమిషాల్లో మాట్లాడుకోవడానికి కట్టిన వ్యవస్థ, సంక్షోభం సొంతింట్లో పుట్టేసరికి నెలకు పైగా ఆగిపోయింది. అమెరికా వైపు చరిత్ర కూడా గొప్పగా ఏమీ లేదు. 2018 జూన్ 12న సింగపూర్‌లో ఉత్తర కొరియా అధినేత కిమ్‌ను కలిశాక ట్రంప్ ఉమ్మడి విన్యాసాలు ఆపేస్తానని విలేకరుల ముందు ప్రకటించారు. సియోల్‌కు ఆ సంగతి ప్రపంచంతోపాటే తెలిసింది. ఎన్ని కమిటీలున్నా ఒక మైకు చాలు.

ఇక యుద్ధంలో సైన్యాన్ని ఎవరు నడపాలన్న తగవు అన్నిటికంటే పాతది. 1950 జూలైలో, కొరియా యుద్ధం మొదట్లో, దక్షిణ కొరియా అధ్యక్షుడు సింగ్‌మన్ రీ తన సైన్యంపై అధికారాన్ని అమెరికా జనరల్ మెకార్థర్‌కు అప్పగించారు. 1978 నవంబరులో ఏర్పడిన ఉమ్మడి సైనిక కమాండ్‌కు అది చేరింది. అక్కడ అమెరికా నాలుగు నక్షత్రాల జనరల్ అధిపతి, కొరియా జనరల్ ఉపాధిపతి. 1994 డిసెంబరు 1న శాంతికాలపు అధికారం మాత్రం సియోల్‌కు తిరిగొచ్చింది. యుద్ధకాలపు అధికారానికి 2012 ఏప్రిల్ 17 అని ముహూర్తం పెట్టి, 2010లో దాన్ని 2015 డిసెంబరుకు జరిపి, 2014లో అసలు తేదీనే ఎత్తేసి మూడు షరతులు పెట్టారు: ఉమ్మడి సేనను నడిపే సత్తా కొరియాకు ఉండాలి, ఉత్తర కొరియా అణు క్షిపణులను ఎదుర్కొనే సామర్థ్యం ఉండాలి, పరిసరాలు అనుకూలంగా ఉండాలి. మొదటి రెండిటినీ పరీక్ష పెట్టి కొలవవచ్చు. మూడోదానికి కొలబద్ద లేదు. వద్దనుకున్నవాడికి ఎప్పటికీ చాలిన సాకది. కావాలనే అలా రాసుకున్నారని నా అనుమానం.

ఇప్పటి కమాండ్‌లో కూడా అమెరికా జనరల్ తన ఇష్టప్రకారం నడవలేడన్నది బయట తక్కువగా తెలిసిన సంగతి. వ్యూహాత్మక ఆదేశాలు ఇరుదేశాల సైనికాధిపతుల కమిటీ నుంచి రావాలి. ‘డెఫ్‌కాన్ 3’కు, అంటే యుద్ధ సన్నద్ధతలో మామూలుకు పైమెట్టుకు, అప్రమత్తత పెంచినప్పుడే కొరియా దళాలు ఆయన కిందికొస్తాయి, ఆ పెంపుకు రెండు ప్రభుత్వాలూ ఒప్పుకోవాలి. కాబట్టి అధికార బదిలీ అంటే తాళం ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి పోవడం కాదు. రెండు తాళాల పెట్టెలో పైకుర్చీ మారడం.

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తాను, పత్రికలు దానికి కావలసినదానికంటే ఎక్కువే చోటిస్తాయి. 1991 నుంచి తన గడ్డ మీది అమెరికా బలగాల ఖర్చులో కొరియా వాటా ఇస్తోంది: కొరియన్ ఉద్యోగుల జీతాలు, నిర్మాణాలు, సరఫరాలు. 2019లో 1.04 లక్షల కోట్ల వోన్లు. అమెరికా దాదాపు ఐదింతలు అడగడంతో బేరం తెగలేదు, 2020 ఏప్రిల్‌లో సుమారు 4,000 మంది కొరియన్ ఉద్యోగులను జీతం లేని సెలవు మీద ఇంటికి పంపారు. 2021లో కుదిరిన ఒప్పందం ఏటా పెంపును కొరియా రక్షణ బడ్జెట్ పెరుగుదలకు ముడిపెట్టింది, అది తడిసి మోపెడయ్యే సూత్రం. 2024లో కుదిరినది 2026కు 1.52 లక్షల కోట్ల వోన్లుగా తేల్చి, పెంపును ధరల సూచీకి కట్టి, 5 శాతం దాటకూడదంది. మొత్తం కన్నా ఈ సూత్రమే సియోల్‌కు దక్కిన అసలు లాభం.

చోట్లు మార్చుకునే భయాల గురించి అన్నాను కదా. కొరియాలోని అమెరికా సైన్యం తైవాన్ గొడవకు కదిలితే? 2006 జనవరిలో విదేశాంగ మంత్రులు దీనికి ఒక వాక్యం అల్లారు. అమెరికా బలగాలను అవసరాన్ని బట్టి వేరే చోట వాడుకునే వెసులుబాటును కొరియా గౌరవిస్తుంది, కొరియన్ ప్రజల ఇష్టానికి విరుద్ధంగా ఈశాన్య ఆసియా ఘర్షణలోకి లాగబడబోమన్న సియోల్ వైఖరిని అమెరికా గౌరవిస్తుంది. రెండు భాగాలూ ఎదురెదురుగా నిలబడి ఉన్నాయి, ఏది నెగ్గుతుందో చెప్పలేదు. ఇరవై ఏళ్లుగా ఎవరి సగం వాళ్లు చదువుకుంటున్నారు. ఇప్పుడు ఇరుక్కుపోతామేమోనన్న భయం సియోల్‌ది. 2016లో థాడ్ క్షిపణి నిరోధక వ్యవస్థను సియోంగ్‌జులో పెట్టడానికి ఒప్పుకున్నందుకు చైనా పర్యాటకులను ఆపి, కొరియా వ్యాపారాలను ఎలా పిండిందో అక్కడ ఎవరూ మరచిపోలేదు.

2025 నవంబరులో సియోల్‌లో జరిగిన 57వ మంత్రుల సమావేశం, కొరియా జనరల్ అధిపతిగా ఉండబోయే భావి కమాండ్ ప్రధాన కార్యాలయం పూర్తి కార్యాచరణ సామర్థ్యానికి 2026లో ధ్రువీకరణ ఇచ్చే పని చేపడతామంది. మదింపు 2022లోనే అయిపోయింది, ముద్ర వేయడమే మిగిలింది. ఆ ముద్ర పడితే బదిలీకి లక్ష్య సంవత్సరం ఎంచుకునే మెట్టు వస్తుంది. 2014లో ఎత్తేసిన తేదీ మళ్లీ ప్రకటనలోకి వస్తుందా, లేక మూడో షరతు అడ్డొస్తుందా అన్నది 58వ ప్రకటన చేతికొచ్చినప్పుడు మొదట చూడవలసిన చోటు.