నా హృదయాన్ని ఒక్కటి చెయ్యి: కీర్తన 86:11, నిబంధన ఆరాధన

డిసెంబర్ 31 రాత్రి వాచ్‌నైట్ ఆరాధన చివర్లో వాగ్దాన కార్డుల పళ్లెం బయటికి వస్తుంది. వరుసలో వెళ్లి తలా ఒకటి తీస్తాం, లైటు కిందికి వచ్చి చదువుకుంటాం, నచ్చితే స్టేటస్ పెడతాం. అది దేవుడు మనకిచ్చే మాట. మరి మనం ఆయనకిచ్చే మాట? మెథడిస్టు సంప్రదాయంలో దానికోసం విడిగా ఒక ఆరాధనే ఉంది. ఏడాది మొదట్లో జరిగే నిబంధన ఆరాధన. వెస్లియన్ (మెథడిస్టు) మిషనరీలు పనిచేసిన మెదక్ ప్రాంతం 1947లో దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.)లో భాగమైంది కాబట్టి ఈ ఆస్తిలో తెలుగువాళ్లకూ వాటా ఉంది. కార్డు తీసుకోవడం బాగా అలవాటైంది గానీ, మనమిచ్చే మాటను కాగితం మీద రాసి సంతకం పెట్టడం మనలో చాలామందికి అలవాటు కాలేదు.

ఆ సంతకానికి ముందు చదువుకోదగ్గ వచనం కీర్తన 86:11. "నీ నామమునకు భయపడునట్లు నా హృదయమునకు ఏకదృష్టి కలుగజేయుము." ఏకదృష్టి అనగానే మనకు గురిచూసే విలుకాడు మెదులుతాడు. ఊపిరి బిగబట్టాలి, చూపు చెదరకూడదు, అంతా మన పట్టుదల మీదే ఉంది అనిపిస్తుంది. హీబ్రూలో ఉన్న క్రియ యహేద్. 'ఒక్కటి చెయ్యి' అని దాని అర్థం. గురి చూడటం నేను చేసే పని. ముక్కలైనదాన్ని ఒకటి చేయడం అలా కాదు. చిరిగిన పంచె తనను తాను కుట్టుకోదు గదా. అందుకే దావీదు ప్రార్థనలో ఇది తీర్మానంగా కాక విన్నపంగా ఉంది. వెంటనే 12వ వచనంలో "నా పూర్ణహృదయముతో నేను నీకు కృతజ్ఞతాస్తుతులు చెల్లించెదను" అంటాడు. ముందు అడిగాడు, ఆ తర్వాతే పూర్ణహృదయం అన్నాడు. మనం వరస తిప్పేస్తాం. ఉజ్జీవ కూటంలో చేతులెత్తి పూర్ణహృదయం అని పాడేసి, సోమవారానికల్లా అది సగమేనని తెలిసి సిగ్గుపడతాం.

యాకోబు పత్రికలో 'ద్విమనస్కుడు' అని ఉన్నచోట గ్రీకు మాటకు అక్షరాలా అర్థం 'రెండు ప్రాణాలవాడు'. ఇక్కడ సున్నిత మనసున్నవాళ్లు తరచు పొరబడతారు. శోధన రావడం ద్విమనస్సు కాదు. రోమా 7లో "అయ్యో, నేనెంత దౌర్భాగ్యుడను" అని పౌలు రాసిన మాటలో పెనుగులాట ఉంది, బేరం లేదు. ద్విమనస్కుడికి పెనుగులాటే ఉండదు. అటొక కాలు, ఇటొక కాలు వేసి రెండు పడవలూ మునగకుండా నడుపుకొస్తుంటాడు. బయటికి చాలా ప్రశాంతంగా కూడా కనిపిస్తాడు.

తొలి సంఘంలోని దంపతులు అననీయ సప్పీరాల సంగతి అలాంటిదే. పొలం అమ్మకముందు నీదే గదా, అమ్మిన తర్వాత సొమ్మూ నీ వశంలోనే ఉంది గదా అని పేతురే అన్నాడు (అపొ. 5:4). కొంత ఉంచుకోవడం నేరం కాలేదు. కొంత తెచ్చి, ఇంతే అనడం నేరమైంది. సమర్పణ ప్రార్థనలు చాలావరకు చెడేది ఇక్కడే. "ప్రభువా, నా సమస్తం నీదే" అనడం సులువు. సమస్తం అనే మాటకు గట్లు లేవు, కొలతలు లేవు.

మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీ ఈ చిక్కు తెలిసినవాడు. 1755 ఆగస్టు 6, బుధవారం నాడు లండన్‌లో తన సంఘానికి నిబంధన సంగతి చెప్పాడు. ఆ తర్వాత కొన్ని రోజులు వరసగా ఉదయాలు దాని అర్థమే వివరించాడు. శుక్రవారం చాలామంది ఉపవాసం ఉన్నారు. సోమవారం 11వ తేదీ సాయంత్రం ఆరింటికి స్పిటల్‌ఫీల్డ్స్‌లోని ఫ్రెంచి చర్చిలో నిబంధన మాటలు చదివి వినిపించాక, సమ్మతి తెలిపేందుకు సుమారు 1,800 మంది లేచి నిలబడ్డారు. ఆ మాటలు వెస్లీ సొంతం కావు, అంతకుముందు శతాబ్దపు ప్యూరిటన్ (ఇంగ్లండు సంఘాన్ని ఇంకా శుద్ధి చేయాలన్న వర్గం) బోధకుడు రిచర్డ్ అలైన్‌వి. లేచి నిలబడటానికి ఒక్క క్షణం పట్టింది, దానికి సిద్ధపడటానికి అయిదు రోజులు పట్టింది. మనం ఆ అయిదు రోజులూ వదిలేసి ఆ క్షణాన్ని మాత్రమే ఉంచుకున్నాం.

ఆ సిద్ధపాటు ఇంట్లోనే చేసుకోవచ్చు. ఆరాధనకు ముందటి వారంలో కనీసం రెండు సార్లు ఒంటరిగా కూర్చోవాలి. ఒక్కసారి చాలదు. మొదటిసారి మనకు ముందే తెలిసినవి, చెప్పుకోవడానికి ఇబ్బంది లేనివే బయటికొస్తాయి. 86వ కీర్తన 17 వచనాలూ పైకి చదివి, ఒక కాగితం తీసుకోవాలి. దాని మీద "నా జీవితం" అని రాయొద్దు. "అన్నతో గట్టు తగాదా" అని రాయాలి. "ఇంట్లో తెలియని చీటీ అప్పు", "అమ్మాయి పెళ్లికి కులం చూడాలన్న నా పట్టు" అని రాయాలి. పెన్ను ఎక్కడ ఆగిందో, ఏ పేరు దగ్గర పొడి అక్షరాలతో సరిపెట్టామో చూసుకోవాలి. రెండోసారి కూర్చున్నప్పుడు ఆ పొడి అక్షరాలను పూర్తి పేరుగా రాయాలి. చీలిక ఉన్నది అక్కడే.

యాకోబు 4:7–8లోని వరస ఇక్కడ పనికొస్తుంది. దేవునికి లోబడటం, అపవాదిని ఎదిరించడం, దేవుని యొద్దకు రావడం, ఆ తర్వాత చేతులు, చివరికి హృదయం. హృదయం కంటే ముందు చేతులున్నాయి. అంటే తిరిగి ఇవ్వాల్సిన డబ్బుంటే ఆరాధనకు ముందే ఇచ్చేయాలి, ఒకేసారి కుదరకపోతే మొదటి వాయిదా అయినా చేతిలో పెట్టాలి. మనసు మారాక ఇద్దాం అనుకుంటే ఆ మనసు మారదు.

ఆరాధనలో స్తుతి, పాపపు ఒప్పుకోలు, నిబంధన, ఆపైన ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకోవడం) ఉంటాయి. ఇప్పుడు వాడే నిబంధన ప్రార్థనలో 'నేనిక నా సొత్తు కాను, నీ సొత్తును' అన్న భావాన్ని అందరూ గట్టిగా పలుకుతారు. నీకోసం పనిలో పెట్టినా సరే, నీకోసం పక్కన పెట్టినా సరే అన్న మాట దగ్గర గొంతు తగ్గుతుంది. పని చేస్తానని చెప్పడానికి విశ్వాసులెవరూ వెనకాడరు. క్వయర్‌లో ఇరవయ్యేళ్లు ముందు వరుసలో పాడిన మనిషిని వెనక బెంచీలో కూర్చోమన్నప్పుడు, సండే స్కూలు బాధ్యత కొత్త పిల్లల చేతికి వెళ్లినప్పుడు, పెద్దల కమిటీలో పేరు లేనప్పుడు ఆ మాట బరువు తెలుస్తుంది. దేవుని పని మీద ప్రేమా, ఆ పనిలో నా స్థానం మీద ప్రేమా ఒకే పాత్రలో పాలూ నీళ్లలా కలిసి ఉంటాయి. పక్కన పెట్టినప్పుడే అవి విడివడతాయి. నన్నడిగితే, ఆ ప్రార్థనంతటిలో ఈ ఒక్క మాట కోసమైనా ఏడాదికోసారి ఆ ఆరాధనకు వెళ్లాలి.

రెండు పొరపాట్లు మామూలుగా జరుగుతాయి. మొదటిది, నిబంధనను మొక్కుబడి చేసేయడం. "ఈ సీటు వస్తే నీకు సమర్పించుకుంటాను" అంటే అది బేరం, నిబంధన కాదు. "నీవు మ్రొక్కుకొని చెల్లింపకుండుటకంటె మ్రొక్కుకొనకుండుటయే మేలు" అని ప్రసంగి ఉండనే ఉన్నాడు. రెండోది, ఫిబ్రవరిలో ఒకసారి తప్పిపోగానే నిబంధన మొత్తం పోయిందనుకుని వదిలేయడం. ఆ ఆరాధనలో ఒప్పుకోలు తర్వాత బల్ల ఉందని మరిచిపోవద్దు. నిబంధన రక్తం క్రీస్తుది, మనది కాదు.

కాగితానికి తేదీ వేసి, సంతకం పెట్టి, బైబిల్లో 86వ కీర్తన దగ్గర మడిచి పెట్టండి. మూడు నెలలకోసారి తీసి చూస్తే చాలు. రోజూ చూస్తే అది ఆత్మపరీక్ష కాదు, అనుమానపు జబ్బు. మళ్లీ ఏడాది కొత్త కాగితం మీద అదే పంక్తి వస్తే, అది ఒంటరిగా తేలే సంగతి కాదన్నమాట. "మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి" అని అదే యాకోబు రాశాడు. ఆ ఒకడు పాస్టరుగారే కానక్కరలేదు. మాట బయటికి పొక్కనివ్వని మనిషి అయితే చాలు.