ఏ దేశానికి ఎప్పుడు వెళ్ళాలి అని అడిగే ముందు

థాయిలాండ్‌కి ఎప్పుడు వెళ్ళాలి అని వెతికితే ఎక్కడ చూసినా నవంబర్ నుంచి ఫిబ్రవరి అనే ఉంటుంది. నేనూ అదే చదివి, అక్కకి అదే చెప్పి, నవంబర్ రెండో వారానికి కో సముయ్ దీవిలో ఆరు రోజులు బుక్ చేశా. నేను, అక్క, బావ, వాళ్ళ పిల్లలిద్దరూ. దిగిన సాయంత్రం పట్టుకున్న వాన నాలుగు రోజులు వదల్లేదు. మధ్యలో ఓ అరగంట తెరిపిచ్చేది, పిల్లలు బట్టలు మార్చుకుని బయటికి పరిగెత్తేలోపు మళ్ళీ కుండపోత. నీళ్ళలోకి దిగొద్దని బీచ్‌లో ఎర్రజెండా పెట్టారు. అలలొచ్చి ఆ కర్ర మొదట్లో ఇసుకంతా కోసుకుపోతుంటే హోటల్ కుర్రాడొకడు రెయిన్‌కోట్ వేసుకొచ్చి దాన్ని పీకి నాలుగడుగులు వెనక్కి పాతేవాడు, సాయంత్రానికి ఇంకో నాలుగడుగులు. అక్క చిన్నకూతురు కిటికీ దగ్గర కూర్చుని జెండా ఇవాళ ఎంత వెనక్కొచ్చిందో లెక్కపెట్టేది. పక్క దీవికి వెళ్దామని పడవ టికెట్లు కొన్నాం, ఆ పడవలూ ఆపేశారు. "నవంబర్ మంచిదన్నావు కదే" అంది అక్క మూడోరోజు రాత్రి, కోప్పడకుండానే. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది నాకు, ఎందుకంటే రెండేళ్ళుగా దాచుకున్న సెలవులవి వాళ్ళవి.

తర్వాత కూర్చుని చదివితే తెలిసింది. థాయిలాండ్‌కి రెండు సముద్రాలు, రెండు వానాకాలాలు. ఫుకెట్, క్రాబీ పడమర వైపు అండమాన్ సముద్రం మీద ఉంటాయి, అక్కడ నైరుతి గాలులతో మే నుంచి అక్టోబర్ దాకా వానలు, నవంబర్‌కి తగ్గుతాయి. సముయ్, కో పంగన్, కో టావో తూర్పు వైపు గల్ఫ్ ఆఫ్ థాయిలాండ్‌లో ఉంటాయి, అక్కడికి వాన తెచ్చేది ఈశాన్య గాలులు, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, అందులోనూ నవంబరే ఎక్కువ. ఫుకెట్ నుంచి సముయ్‌కి విమానంలో గంట. ఆ గంట దూరానికే వానాకాలం తిరగబడిపోతుంది, "థాయిలాండ్‌కి నవంబర్ బెస్ట్" అని రాసినవాళ్ళు అబద్ధం చెప్పలేదు, వాళ్ళు ఫుకెట్ గురించో బ్యాంకాక్ గురించో చెప్పారు అంతే, నేను దాన్ని సముయ్‌కి పట్టుకెళ్ళా.

శ్రీలంక అంత చిన్న దీవిలో కూడా ఇదే కథ. దక్షిణ తీరంలో గాల్, మిరిస్సా ఊళ్ళ వైపు డిసెంబర్ నుంచి మార్చి బాగుంటే, తూర్పు తీరంలో ట్రింకోమలీ, అరుగమ్ బే వైపు మే నుంచి సెప్టెంబర్ బాగుంటుంది. వియత్నాం అయితే నిలువునా సాగదీసిన దేశం, అక్టోబర్, నవంబర్‌లో ఉత్తరాన హనోయిలో హాయైన వాతావరణం ఉంటే మధ్యలో హోయ్ ఆన్ పాత ఊళ్ళో వీధుల్లో పడవలు తిరిగేంత వరద రావచ్చు. ఉత్తరం, మధ్య, దక్షిణం మూడు భాగాలూ ఒకే ట్రిప్‌లో చూడాలనుకునేవాళ్ళు మార్చి ప్రాంతంలో పెట్టుకుంటే ఎక్కువ ఇబ్బంది ఉండదు. ఇక ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లో డిసెంబర్ ఎండాకాలం, జూలై చలికాలం అనేది అందరికీ తెలిసిందే, దాని గురించి ఎక్కువ చెప్పను.

అందుకే ఇప్పుడు ఎవరైనా నన్ను ఫలానా దేశానికి ఏ నెల మంచిది అని అడిగితే ముందు, అక్కడ ఏం చూడాలని వెళ్తున్నారు అని అడుగుతా. దేశానికి ఒక సీజన్ ఉండదు, చూడాలనుకున్న దానికి ఉంటుంది. బొలీవియాలో ఉయునీ ఉప్పు మైదానం తీసుకోండి. పదివేల చదరపు కిలోమీటర్లకి పైనే ఉంటుంది, సముద్రమట్టానికి దాదాపు 3,650 మీటర్ల ఎత్తులో. ఆకాశం నేలమీద అద్దంలో పడ్డట్టు కనిపించే ఫొటోలు మీరు చూసే ఉంటారు, ఆ అద్దం వానాకాలంలోనే ఉంటుంది, జనవరి నుంచి మార్చి దాకా, ఉప్పు మీద పల్చగా నీళ్ళు నిలిచినప్పుడు. బొలీవియాకి పొడి కాలం బెస్ట్ అన్న మాట విని జూలైలో వెళ్తే పలకలు పలకలుగా పగిలిన తెల్లటి ఉప్పు కనిపిస్తుంది, అదీ గొప్పగానే ఉంటుంది, కానీ మీరు కలగన్నది అది కాదు. మరీ ఎక్కువ నీళ్ళున్నప్పుడు వెళ్తే మధ్యలో కాక్టస్ చెట్లున్న ఇంకావాసి దిబ్బ దాకా బండి పోలేకపోవచ్చు. పక్కనే పెరూలో మాత్రం, పాత ఇంకా రాజుల నగరం మచు పిచ్చుకి నడిచి వెళ్ళే "ఇంకా ట్రైల్" అనే దారిని ఫిబ్రవరి నెలంతా మూసేస్తారు, దారి బాగుచెయ్యడానికి. మచు పిచ్చు తెరిచే ఉంటుంది, నడిచి వెళ్ళే ఆ దారి ఉండదు. అంటే ఉయునీ అద్దం, "ఇంకా ట్రైల్" రెండూ ఫిబ్రవరి ట్రిప్‌లో కలవవు.

ఆఫ్రికాలో జాంబియా, జింబాబ్వే సరిహద్దులో ఉన్న విక్టోరియా జలపాతం ఇంకా విచిత్రం. ఏప్రిల్ ప్రాంతంలో నీళ్ళు గరిష్ఠంగా ఉంటాయి, అప్పుడు తుంపర ఎంత లేస్తుందంటే ఎదురుగా నిలబడ్డవాళ్ళకి జలపాతమే కనపడదు, పొగమంచులో శబ్దం మాత్రం వినపడుతుంది. అక్టోబర్, నవంబర్‌కి జాంబియా వైపు చాలామేర రాయి బయటపడిపోతుంది. నీళ్ళూ ఉండాలి, కనపడాలీ అంటే జూన్, జూలై, ఆగస్టు. ఇది తెలియకపోతే ఎక్కువ నీళ్ళున్న నెలే మంచిదనుకుంటాం కదా!

అరబ్ దేశాల్లో ఎండాకాలం వెళ్ళకూడదు అనేది మామూలుగా నిజమే, 40 దాటిపోతుంది. కానీ ఒమన్‌లో సలాలా అని ఉంది, జూన్ చివర్నుంచి సెప్టెంబర్ దాకా అక్కడికి మాత్రం వర్షాకాలపు మేఘాలొచ్చి కొండలకి ఆనుకుంటాయి, సన్నటి జల్లు, పొగమంచు, కొండలన్నీ పచ్చగా. ఖరీఫ్ అంటారు దాన్ని. చుట్టూ ఎడారి మండుతుంటే అక్కడ పాతిక డిగ్రీలు. ఆ పచ్చదనం కోసం వెళ్ళేవాళ్ళకి ఎండాకాలమే సీజన్.

వాన, ఎండ చూసుకుంటే సరిపోతుందా అంటే సరిపోదు, ఏం మూసి ఉంటుందో కూడా చూడాలి. స్విట్జర్లాండ్‌కి నవంబర్ మొదటి వారంలో వెళ్ళాం ఒకసారి, జనం ఉండరు, రూములు దొరుకుతాయి అని. నిజంగానే జనం లేరు. ఓ కొండకి కేబుల్ కార్ ఎక్కుదామని పొద్దున్నే స్టేషన్‌కి పోతే షట్టర్ దించేసి ఉంది, పక్కన జర్మన్‌లో రివిజన్ అని చిన్న బోర్డు, పైన తీగ దగ్గర నారింజ రంగు జాకెట్లు వేసుకున్న ఇద్దరు మనుషులు చక్రాలకి గ్రీజు పూస్తున్నారు. ఎండాకాలం రద్దీ అయిపోయి మంచు సీజన్ మొదలయ్యేలోపు, మళ్ళీ ఏప్రిల్, మే ప్రాంతంలో ఓసారి, చాలా కేబుల్ కార్లు ఇలా మెయింటెనెన్స్‌కి ఆపుతారు. ఫుర్కా, గ్రిమ్సెల్ లాంటి ఎత్తైన కనుమ దారులు చలికాలమంతా మంచుకి మూసుకుపోయి మే చివరో జూన్‌లోనో గానీ తెరుచుకోవు. జనం లేని నెలలు చవకగా ఉండటానికి ఒక కారణం ఉంటుంది, ఆ కారణం మీకు అడ్డమా కాదా అనేది ముందే తెలుసుకోండి. సరస్సు ఒడ్డున నడుచుకుంటూ గడిపేస్తాం అనుకునేవాళ్ళకి ఆ నవంబర్ కూడా బాగానే ఉంటుంది.

పగలు ఎంతసేపుంటుంది అనేది చాలామంది అసలు లెక్కలోకి తీసుకోరు. లండన్‌లో డిసెంబర్ చివర్లో వెలుతురు ఎనిమిది గంటల లోపే, జూన్‌లో పదహారున్నర గంటలు. అంటే అదే నాలుగు రోజుల ట్రిప్ జూన్‌లో పెట్టుకుంటే దాదాపు రెట్టింపు పగలు దొరుకుతుంది. ఐస్‌లాండ్‌లో డిసెంబర్‌లో నాలుగైదు గంటలే పగలు. అలాగని జూన్‌లో వెళ్ళి నార్తర్న్ లైట్స్, అంటే రాత్రి ఆకాశంలో కదిలే రంగుల వెలుగుల కోసం చూస్తే కనపడవు, ఎందుకంటే రాత్రే చీకటి పడదు. నాకైతే ఐస్‌లాండ్‌కి సెప్టెంబర్ నచ్చుతుంది. పగలు తిరగడానికి సరిపడా వెలుతురు, రాత్రి లైట్స్ కనపడేంత చీకటి, పైగా విషువత్తు రోజుల దగ్గర, అంటే పగలూ రాత్రీ సమానంగా ఉండే మార్చి, సెప్టెంబర్‌లలో, ఆ లైట్స్ రావడానికి అవకాశం కొంచెం ఎక్కువ. మధ్యలో కొండ ప్రాంతపు మట్టిదారులు కూడా అప్పటికింకా చాలావరకు తెరిచే ఉంటాయి.

సముద్రంలో ఈత కోసమే వెళ్ళేవాళ్ళు గాలి వేడి చూసి మోసపోవద్దు. నీళ్ళు నెమ్మదిగా వేడెక్కుతాయి, నెమ్మదిగా చల్లారతాయి. గ్రీస్ దీవుల్లో మే నెలలో ఎండ బాగుంటుంది, కాలు పెడితే నీళ్ళు జివ్వుమంటాయి. సెప్టెంబర్‌లో ఎండ తగ్గుతుంది, నీళ్ళు మాత్రం ఇంకా వెచ్చగా ఉంటాయి. జూలై, ఆగస్టుల్లో మెల్తెమి అని ఉత్తరగాలి ఒకటి వీస్తుంది, గట్టిగా వీచినప్పుడు ఫెర్రీలు ఆపేస్తారు.

జపాన్ చెర్రీ పూల గురించి మాత్రం తేదీ పట్టుకుని కూర్చోవద్దు అని చెప్తా. టోక్యోలో మామూలుగా మార్చి చివర్లో పూస్తాయి, నిండుగా ఉండేది వారం, ఒక్క గాలివాన వస్తే ఆ వారం కూడా ఉండదు. 2021లో క్యోటోలో మార్చి 26కే నిండుగా పూశాయి, అప్పటిదాకా ఉన్న పన్నెండు వందల ఏళ్ళ రికార్డుల్లో అంత తొందరగా ఎప్పుడూ పూయలేదు. కాబట్టి పూలు రాలిపోయాయని తెలిస్తే ఉత్తరానికి జరగండి, సెండాయ్‌లో ఏప్రిల్‌లో, హిరోసాకిలో ఏప్రిల్ చివర్లో, సప్పోరోలో మే వచ్చేదాకా కూడా దొరుకుతాయి. పూల వెనకాల అలా పైకి ఎక్కుతూ పోవచ్చు. కాకపోతే ఏప్రిల్ 29 నుంచి మే 5 దాకా గోల్డెన్ వీక్, దేశమంతా సెలవుల్లో ప్రయాణాల మీద ఉంటుంది, ఆ వారం రూములు, రైలు సీట్లు ముందే చూసుకోకపోతే చాలా కష్టం.

ఇప్పుడు నేను చేసేది ఏంటంటే, సగటు ఉష్ణోగ్రత ఒక్కటే చూసి ఆగిపోను. వెళ్ళే ఊరి పేరు మీద, దేశం పేరు మీద కాదు, ఆ నెలలో ఎన్ని రోజులు వాన పడుతుంది, ఎన్ని గంటలు ఎండ ఉంటుంది చూస్తా, గడిచిన మూడునాలుగేళ్ళు అదే వారంలో ఏం జరిగిందో రోజువారీ రికార్డులు తీస్తా. వాన ఎలా పడుతుంది అనేది కూడా ముఖ్యం, మధ్యాహ్నం రెండు గంటలు దంచి వెళ్ళిపోయే వానతో ట్రిప్ చేసుకోవచ్చు, రోజుల తరబడి ముసురు పట్టే వానతో కష్టం. తర్వాత ఏం మూసి ఉంటుంది, ఎవరి సెలవులున్నాయి. ఇదంతా చెయ్యడానికి ఒక పూట పడుతుంది, అంతే.

పోయిన నెల అక్క ఫోన్ చేసి మళ్ళీ ఎక్కడికైనా వెళ్దామే అంది. ఎక్కడికి అని అడిగితే చిన్నది ఫోన్ లాక్కుని "పిన్నీ, ఆ జెండా బీచ్‌కే" అంది. సముయ్‌లో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా వానలు బాగా తక్కువ, సముద్రం నెమ్మదిగా ఉంటుంది, గడిచిన నాలుగేళ్ళ రికార్డులు చూశా. మార్చికి టికెట్లు తీశాం, అదే హోటల్. ఈసారి ఏ రంగు జెండా ఉంటుందని చిన్నది రోజూ అడుగుతోంది.