పొయ్యి లెక్కన వెలసిన బడులు

జపాన్‌లోని క్యోటో నగరంలో ఉన్న మాంగా (జపాన్ బొమ్మల కథల) మ్యూజియానికి నేను ఆ భవనం కోసమే వెళ్ళాను. అది ఒకప్పటి తత్సుయికే ప్రాథమిక పాఠశాల. ఇరవై ఏళ్ళుగా ప్రభుత్వ బడిలో పాఠాలు చెబుతున్న నాకు, నడిచినప్పుడల్లా కిర్రుమనే ఆ చెక్క నేల మీద అడుగు పెట్టగానే సొంత బడికి వచ్చినట్టే అనిపించింది.

జపాన్ ప్రభుత్వం దేశమంతటికీ విద్యా శాసనం తెచ్చింది 1872లో. అంతకు మూడేళ్ళ ముందే, 1869లో, క్యోటో పౌరులు పేటకొకటి చొప్పున 64 బడులు తెరిచారు. రాజధాని టోక్యోకు తరలిపోయి నగరం వెలవెలబోతున్న రోజులవి. మన ఊళ్ళలో చందాకు గడపలు లెక్కపెట్టినట్టు, అక్కడ పొయ్యిలు లెక్కపెట్టి, బడికి వెళ్ళే పిల్లలు ఉన్నా లేకున్నా ఇంటింటా సొమ్ము వసూలు చేశారు. ఆ బడే పేట పెద్దల సమావేశ మందిరం, దాని పైకప్పు మీది బురుజే అగ్నిప్రమాదాలను కనిపెట్టే కావలి చోటు. మరునాడు పాఠశాలల చరిత్ర మ్యూజియంలో ఈ వివరాలు చదువుతూ చాలాసేపు నిలబడిపోయాను.

తరువాతి కాలంలో బడి మీద అధికారం క్రమంగా పైకి జరిగింది. యుద్ధానంతరం, 1948లో, స్థానిక బడుల వ్యవహారాలు చూసే విద్యా మండలి సభ్యులను ప్రజలే ఎన్నుకొనే పద్ధతి వచ్చినా, 1956 చట్టం దాన్ని తీసివేసి నియామక పద్ధతిని తెచ్చింది. ఆ మార్పు అక్కడి బడికి నష్టమే చేసిందని నా అభిప్రాయం. 2004లో మాత్రం పాఠశాల నిర్వహణ సమితులకు చట్టం చోటిచ్చింది: ప్రధానోపాధ్యాయుడు రూపొందించిన నిర్వహణ విధానాన్ని ఆమోదించడమే కాక, ఉపాధ్యాయ నియామకాలపై కూడా ఈ సమితి తన అభిప్రాయం చెప్పవచ్చు. మన విద్యాహక్కు చట్టం ప్రకారం ఏర్పడే కమిటీలలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. అక్కడి సమితిలో పేటవాసులకూ స్థానముంది.

చివరి రోజు ఉదయం, ఒక బడి ముందు పసుపు జెండా పట్టుకొని పిల్లలను రోడ్డు దాటిస్తున్న పెద్దాయనను, నా వెంట ఉన్న మిత్రుని ద్వారా పలకరించి, మనవలు ఇక్కడే చదువుతున్నారా అని అడిగాను. తనకు పిల్లలే లేరని, సాయంత్రం ఆ బడి సమితి సమావేశానికి మాత్రం వెళ్ళాలని చెప్పి, ఆయన మళ్ళీ జెండా ఎత్తారు.