మట్టాంచేరిలో చెప్పులు విడిచిన చోట

నిన్న కొచ్చిలోని మట్టాంచేరిలో, పరదేశి సినగాగ్ గడప ముందు చెప్పులు విడుస్తూ, మన గుళ్ల ఆచారం యూదుల ప్రార్థనాలయంలోకి ఎలా వచ్చిందా అని ఒక్క క్షణం ఆగిపోయాను. ఇతర దేశాల సినగాగుల్లో సాధారణంగా కనిపించని ఈ పద్ధతిని కొచ్చి యూదులు ఇరుగుపొరుగు నుంచి స్వీకరించి తమదిగా చేసుకున్నారు.

1568లో, రాజభవనానికి ఆనుకుని కట్టిన ఆ మందిరంలో, చైనా నుంచి తెప్పించిన నీలి, తెలుపు పలకలు పాదాలకు చల్లగా తగిలాయి. వంగి చూస్తే, చేతితో గీసిన కొమ్మలు ఒక పలకపై సన్నగా, పక్కదానిపై కాస్త చిక్కగా ఉన్నాయి. హాలు మధ్యలో ఇత్తడి కమ్మీల వేదిక ఉండగా, మేడపైన స్త్రీలు కూర్చునే చోటి ముందు యూదుల పవిత్ర గ్రంథమైన తోరా పఠనానికి మరో వేదిక ఉంది. ఇది కేరళ సినగాగుల ప్రత్యేకత. ఆ స్త్రీలే పెళ్లిళ్లకూ పండుగలకూ మలయాళంలో పాటలు పాడుకుని, వాటిని నోటుపుస్తకాల్లో రాసి దాచుకున్నారు.

1948లో ఇజ్రాయెల్ ఏర్పడ్డాక ఇక్కడివారిలో అత్యధికులు అక్కడికి తరలిపోయారు. సామూహిక ప్రార్థనకు సంప్రదాయం ప్రకారం కావలసిన పదిమంది వయోజన పురుషులు ఇప్పుడు స్థానికుల్లో లేరన్న సంగతి నన్ను ఎంతో బాధించింది.

మధ్యాహ్నం చేందమంగళం వెళ్లాను. అక్కడి సినగాగ్ ముంగిట, 1269 నాటి సమాధి రాయిపై, ఇజ్రాయెల్ అనే వ్యక్తి కుమార్తె సారా పేరు హీబ్రూలో చెక్కి ఉంది. ఆ అక్షరాల ముందు చాలాసేపు నిలబడ్డాను.