టాటా మెర్సిడెస్ 312: బానెట్ దగ్గరే ఆగింది

నేను చేస్తున్న పాత టాటా మెర్సిడెస్ 312 లారీ మోడల్‌లో బానెట్ మళ్ళీ ముక్కు దగ్గర ముడత పడింది. చాలా చిరాకుగా ఉంది. ఇది తేలేదాకా లేలాండ్ కామెట్ జోలికి పోను.

ఇంకో టాటా లారీ, 1210 ఎస్ఈ మోడల్ మాత్రం పూర్తయింది. టామియా రంగు స్ప్రే ఎప్పటిలాగే నున్నగా వచ్చింది.

రెండూ 1:24 స్కేలే, అంటే అసలు లారీలో 24వ వంతు. ఇరుసుల మధ్య 4.2 మీటర్ల చాసిస్ కాబట్టి మోడల్‌లో రెండింటికీ 175 మి.మీ. తేడా అంతా ముందు భాగంలోనే. ఎస్ఈలో ఇంజన్ సగం క్యాబిన్‌లోకి వచ్చేస్తుంది, అందుకే బానెట్ పొట్టిది. 312లో ఆరు సిలిండర్ల 4.6 లీటర్ల ఇంజన్ మొత్తం క్యాబిన్‌కు ముందే ఉంటుంది. ఆ పొడవాటి బానెట్ ముందుకు సన్నబడుతూనే కిందికీ వాలుతుంది. ప్లాస్టిక్ షీటు రెండు వైపులా ఒకేసారి వంగాలి. చిక్కంతా అక్కడే.

అచ్చు అంకుడు కర్రతో చేశాను. ఏటికొప్పాక బొమ్మలు చేసే కర్రే, పొరలు కనిపించనంత మెత్తగా తెగుతుంది. పొడవు 58 మి.మీ., క్యాబిన్ వైపు వెడల్పు 52, ముక్కు దగ్గర 30. ఎవర్‌గ్రీన్ కంపెనీ ప్లాస్టిక్ షీటు 1 మి.మీ.ది వేడిచేసి అచ్చు మీదికి లాగితే ముక్కు దగ్గర 0.4కి పలచబడి, భుజాల దగ్గర ముడత పడుతోంది. 1.5 షీటుకు ముడత లేదు కానీ గ్రిల్ అంచు మొద్దుబారింది. పైగా అచ్చు నుంచి తీశాక తెల్లారేసరికి రెండు అంచులూ విచ్చుకుని క్యాబిన్ దగ్గర 1.5 మి.మీ. సందు. రాత్రంతా క్లాంపులో ఉంచినా 1.1 మిగిలింది.

చల్లటి కర్ర షీటు వేడిని లాగేస్తోందేమోనని అచ్చును 60 డిగ్రీలకు వేడిచేశాను. ముక్కు కాస్త మెరుగుపడింది, భుజాలు అలాగే ఉన్నాయి. విశాఖ గాలి తేమకు కర్ర ఉబ్బుతోందన్న అనుమానం కూడా ఉంది, ఎందుకంటే వానల్లో అదే 52 కాస్తా 52.4 చూపిస్తోంది. లక్క పూత వేద్దామంటే వేడి షీటు తగలగానే కరిగి అంటుకుంటుంది. అందుకని పలచటి సూపర్ గ్లూ ఇంకించాను. వెడల్పు నిలిచింది, ముడత పోలేదు. కాబట్టి తేమది చిన్న పాత్రే, అసలు కారణం వంపే అనిపిస్తోంది.

అన్నిటినీ ‘టాటా బెంజి’ అనేస్తారు కానీ పేర్ల పద్ధతే వేరు. 312 ఇంజన్ సంఖ్య కూడా. 1210లో 12 మొత్తం బరువు టన్నుల్లో, 10 అంటే సుమారు వంద హార్స్‌పవర్. మెర్సిడెస్ బెంజి కంపెనీ డైమ్లర్‌తో 1954లో మొదలైన ఒప్పందం 1969లో ముగిశాక వాళ్ళ గుర్తు మూడు కోణాల నక్షత్రం పోయి టాటా ‘టి’ వచ్చింది. నా 312కి ఇత్తడి తీగతో చేసిన 3 మి.మీ. నక్షత్రం సిద్ధంగా ఉంది.

ఇక బానెట్‌ను నిలువునా రెండు ముక్కలుగా లాగి, నడిమి గీత మీద అతికిస్తాను. అతుకును ఎం-సీల్‌తో నింపుతాను, ఆరాక దానంత బాగా సానపట్టనిచ్చే పుట్టీ నేను చూడలేదు. అదీ కుదరకపోతే 0.3 మి.మీ. రాగి రేకును ఎర్రగా కాల్చి, నీళ్ళలో ముంచి మెత్తబరిచి, ఇదే అచ్చు మీద చెక్క సుత్తితో కొడతాను. ఆటోనగర్‌లో రేకు పని చేసే ఆయనను ఆదివారం కలుస్తున్నాను.