ల్యాబ్ డేటాబేస్‌ను ఎన్‌క్రిప్ట్ చేయించేసరికి: నా అనుభవం

మొత్తానికి ఆదివారం రాత్రి పని పూర్తయింది. హనుమకొండ, కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాలలో శాఖలున్న ఒక డయాగ్నొస్టిక్ ల్యాబ్‌కు మేము సాఫ్ట్‌వేర్ చూస్తాం. వాళ్ల పేషెంట్ల రిపోర్టులన్నీ ఉన్న పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఇప్పుడు ఎన్‌క్రిప్ట్ అయి ఉంది, అంటే కీ (డిజిటల్ తాళంచెవి) లేనివాళ్లు చదవలేని రూపంలో ఉంది. నా కోపం మాత్రం ఇంకా చల్లారలేదు. చల్లారకముందే రాస్తే, ఇదే పని నెత్తిన వేసుకున్నవాళ్లకు అసలు ఇబ్బంది ఎక్కడ వస్తుందో ముందే తెలుస్తుందని రాస్తున్నాను.

ల్యాబ్ ఓనరు డాక్టర్ గారు ఒక ఇన్సూరెన్స్ కంపెనీతో ఒప్పందం చేసుకుంటున్నారు. ఆ కంపెనీ ఆడిటర్ రెండే షరతులు పెట్టాడు: డేటా డిస్కు మీద ఎన్‌క్రిప్ట్ అయి ఉండాలి, ఆ కీ మీద అజమాయిషీ ల్యాబ్‌దే కావాలి. పైగా 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఉండనే ఉంది. భద్రతకు తగిన ఏర్పాట్లు చేయకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా వేయొచ్చు. ఆ అంకె చెప్పగానే డాక్టర్ గారు ఫోన్లో కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "తమ్మీ, ఇది ఎప్పటిలోగా అయితది?" అని అడిగారు.

నడుస్తున్న డేటాబేస్‌కు ఎన్‌క్రిప్షన్ బటన్ ఏదో ఉంటుంది, నొక్కితే అయిపోతుందని చాలామంది అనుకుంటారు. మా డేటాబేస్ ఉన్నది అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌లో, దాని డేటాబేస్ సర్వీస్ ఆర్డీఎస్‌లో. ఆర్డీఎస్ డేటాబేస్‌కు ఎన్‌క్రిప్షన్ పెట్టేది సృష్టించేటప్పుడే. ముందు పెట్టకుండా వదిలేస్తే మామూలు దారి ఇది: దాని స్నాప్‌షాట్ (ఆ క్షణానికి ఉన్న డేటా మొత్తానికి కాపీ) తీయాలి, ఆ స్నాప్‌షాట్‌ను కీ ఇచ్చి ఎన్‌క్రిప్టెడ్ కాపీ చేయాలి, ఆ కాపీ నుంచి కొత్త డేటాబేస్‌ను లేపాలి. ఒకసారి పెట్టాక తీసేయడానికీ వీల్లేదు. మేము రాకముందు ఎవరో కట్టిన డేటాబేస్ కాబట్టి మాకు ఈ తిరుగుడు తప్పలేదు.

కీ విషయంలో రెండు దారులున్నాయి. ఏడబ్ల్యూఎస్ తనే తయారుచేసి పెట్టే కీ ఒకటి. దానికి నెల నెలా డబ్బులుండవు, కానీ దాని పాలసీ (ఆ కీని ఎవరు వాడొచ్చో చెప్పే నియమాలు) మనం మార్చలేం, దానితో ఎన్‌క్రిప్ట్ చేసిన స్నాప్‌షాట్‌ను వేరే అకౌంట్‌కు పంచుకోలేం. రెండోది మనమే తయారుచేసుకునే కస్టమర్ మేనేజ్డ్ కీ. నెలకు ఒక డాలర్, వాడకానికి మరికొన్ని సెంట్లు. బ్యాకప్పులు వేరే అకౌంట్లో దాచాలని మేము ముందే అనుకున్నాం, కీ మీద అజమాయిషీ ల్యాబ్‌దే కావాలన్న ఆడిటర్ షరతు కూడా ఉంది కాబట్టి రెండోదే ఖాయం చేశాం. డాలర్ దగ్గర కక్కుర్తి పడొద్దని ఎవరికైనా చెప్తాను.

ఇక్కడి వరకు అంతా సాఫీగానే నడిచింది. అసలు కథ కీ దగ్గర మొదలైంది.

ల్యాబ్‌కు హైదరాబాద్‌లో ఒక సెక్యూరిటీ కన్సల్టెంట్ ఉన్నాడు. ఆయన పేరు, కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. కీ తనే తయారుచేసి ఇస్తానన్నాడు, ఇచ్చాడు. నేను స్నాప్‌షాట్ కాపీ మొదలుపెట్టగానే ఎర్రర్. దాని భావం ఇది: మీరిచ్చిన కీ లేకపోవచ్చు, లేదా పనిచేయకుండా ఆపి ఉండొచ్చు, లేదా మీకు అనుమతి లేకపోవచ్చు. మూడింటిలో ఏదో అది చెప్పదు. మనిషిని పిచ్చివాణ్ని చేసే ఎర్రర్ అది. ఆ అకౌంట్లో నాకు పూర్తి అడ్మిన్ హక్కులున్నాయి. డేటాబేస్‌ను తీసేయగలను, సర్వర్లు ఆపగలను, ఆ కీని మాత్రం వాడలేను.

ఇది ఏడబ్ల్యూఎస్‌లో కీలను చూసుకునే సర్వీస్ కేఎంఎస్ ప్రత్యేకత, తెలియనివాళ్లు గుర్తుపెట్టుకోండి. మిగతా చాలా చోట్ల, ఎవరికి ఏ హక్కులో రాసుకునే ఐఏఎంలో అడ్మిన్ అంటే అడ్మినే. కేఎంఎస్‌లో మాత్రం ఎవరు ఏం చేయొచ్చో తేల్చేది కీకి అంటించి ఉన్న కీ పాలసీ. అకౌంట్‌కు అధికారం ఇస్తూ ఒక వాక్యం అందులో ఉంటేనే ఐఏఎంలో ఇచ్చిన హక్కులు చెల్లుతాయి. ఆ వాక్యాన్ని కన్సల్టెంట్ పీకేసి, తన రోల్‌కు (ఏడబ్ల్యూఎస్‌లో హక్కులు కట్టి ఉండే గుర్తింపు) అన్ని హక్కులూ పెట్టుకున్నాడు. దాంతో పాలసీలో ఏం రాసి ఉందో చదవడానికి కూడా నాకు వీల్లేకుండా పోయింది.

పాలసీ టెక్స్ట్ పంపమని మెయిల్ పెట్టాను. "సెక్యూరిటీ కారణాల వల్ల పంపలేం" అని జవాబు. మీ రోల్ పేరు అందులో చేర్చాను, తప్పు మీ వైపే ఉంది, చూసుకోండని ఇంకో జవాబు. ఇట్లా మెయిళ్లు తిరుగుతుండగానే ఆడిటర్ గడువు దగ్గర పడింది. డాక్టర్ గారు అందరినీ కాల్‌లో కూర్చోబెట్టారు.

ఆ కాల్‌లో కన్సల్టెంట్ తన లాగిన్‌తో స్నాప్‌షాట్ కాపీ చేసి చూపించాడు. వెంటనే పని చేసింది. "చూశారుగా సార్, నాకు పనిచేస్తోంది. వరంగల్‌లో ఇవి తెలిసినవాళ్లు దొరకరు. మా టీమ్‌కు ఇచ్చేయండి, రెండు గంటల పని" అన్నాడు. ఆడిటర్ వింటున్నాడు. నా పక్కన కాకతీయ యూనివర్సిటీలో చదివి ఈమధ్యే మాతో చేరిన అమ్మాయి కూర్చుని ఉంది, ఆమె తల దించుకుంది. నన్ను ఒక్కణ్ని అంటే పడేవాణ్ని. ఊరి పేరు పెట్టి అన్నాడు. ఎన్‌ఐటీ ఉన్న ఊరు, మడికొండలో ఐటీ కంపెనీలు నడుస్తున్న ఊరు. ఇక్కడ పుట్టి పెరిగి, హైదరాబాద్ పోకుండా ఇక్కడే కంపెనీ పెట్టుకుని, పది మందికి పని చూపిస్తున్నవాణ్ని నేను. గొంతు దాకా మాట వచ్చింది, మింగేశాను. "రేపు సాయంత్రం దాకా టైమివ్వండి సార్" అని మాత్రం డాక్టర్ గారిని అడిగాను. "సరే తమ్మీ" అన్నారు.

ఆ రాత్రి క్లౌడ్‌ట్రెయిల్ తెరిచాను. ఏడబ్ల్యూఎస్‌లో ఎవరు ఏ పని అడిగారో, అది ఒప్పుకుందో లేదో రాసి పెట్టే చిట్టా అది. కేఎంఎస్ ఈవెంట్లు మాత్రమే వడపోసి, నా కాపీ ప్రయత్నం జరిగిన నిమిషానికి వెళ్లాను. నా తరఫున ఆర్డీఎస్ కీని అడుగుతోంది, కేఎంఎస్ యాక్సెస్ డినైడ్ అంటోంది. కన్సల్టెంట్ చేతిలో అదే కీ పనిచేసింది, అంటే కీ ఉంది, పనిచేస్తోంది కూడా. మూడు కారణాల్లో రెండు ఎగిరిపోయాయి. నా రోల్ పేరు పాలసీలో నిజంగానే ఉంటే, దాని కింద ఏదో షరతు నన్ను ఆపుతోంది. ఆయన రోల్‌కు ఆ షరతు ఉండదు, అందుకే ఆయనకు పనిచేస్తోంది. కన్సల్టెంట్ చూపించిన డెమో తేల్చింది ఇంతే, నాకు పని రాదని కాదు.

మర్నాడు డాక్టర్ గారికి ఒక్క మాట చెప్పాను: "సార్, కీ మీది, బిల్లు మీది, దాని పాలసీ మీకే చూపించకపోవడం ఏంటి?" ఆ మాట పనిచేసింది. కన్సల్టెంట్ స్క్రీన్ షేర్ చేయక తప్పలేదు.

నా రోల్ పేరు ఉంది, నిజమే. దాని కింద వయా సర్వీస్ అనే షరతు ఉంది. ఈ కీని ఫలానా సర్వీస్ ద్వారా వస్తేనే వాడనివ్వు అని చెప్పేది అది. మంచి షరతే, నేనైనా పెడతాను. కానీ అక్కడ రాసి ఉన్నది "ఏపీ-సౌత్-1" లోని ఆర్డీఎస్. అది ముంబై రీజియన్, అంటే ముంబైలోని ఏడబ్ల్యూఎస్ డేటాసెంటర్లు. మా డేటాబేస్, ఆ కీ రెండూ ఉన్నది "ఏపీ-సౌత్-2"లో, అంటే 2022 నవంబర్‌లో మొదలైన హైదరాబాద్ రీజియన్‌లో. కీ ఏ రీజియన్‌లో ఉంటే అక్కడే పనిచేస్తుంది, కాబట్టి ముంబై ఆర్డీఎస్ వచ్చి ఈ కీని అడగడం ఎప్పటికీ జరగదు. ముంబైలో ఉన్న వేరే క్లయింట్ పాలసీని తెచ్చి యథాతథంగా అతికించాడు. హైదరాబాద్‌లో కూర్చున్న మనిషికి హైదరాబాద్ రీజియన్ పేరు కనపడలేదు.

"సార్, ఆ ఒకటిని రెండు చేయండి" అన్నాను. చేశాడు. నేను అక్కడే, అందరూ చూస్తుండగా, కాపీ మొదలుపెట్టాను. మొదలైంది. అవతల నుంచి సారీ రాలేదు, "ఓకే, ఇష్యూ రిజాల్వ్‌డ్" అని వచ్చింది. మా అమ్మాయి మాత్రం అందరికీ వినపడేట్టు "అయింది సార్" అంది.

ఆ కాల్ ముగియకముందే ఇంకో రెండు పనులు చేయించాను. పాలసీలో అకౌంట్‌కు అధికారం ఇచ్చే వాక్యాన్ని తిరిగి పెట్టించాను. అది లేకుండా, ఆ ఒక్క రోల్ ఎప్పుడైనా పోతే కీని బాగుచేసే హక్కు ఎవరికీ మిగలదు, ఏడబ్ల్యూఎస్ సపోర్ట్ వాళ్ల కాళ్లు పట్టుకోవాలి. రెండోది, కన్సల్టెంట్ రోల్‌కు కీని డిలీట్ చేసే హక్కు తీయించాను. కీని డిలీట్‌కు పెడితే 7 నుంచి 30 రోజుల గడువుంటుంది. ఆలోపు ఎవరూ చూసుకోకపోతే దానితో ఎన్‌క్రిప్ట్ అయినవన్నీ, బ్యాకప్పులతో సహా, పోయినట్టే. దేవుడు కూడా తెరవలేడు. ఎవరైనా ఆ పని మొదలుపెడితే నాకు, డాక్టర్ గారికి మెసేజ్ వచ్చేట్టు అలారం కూడా పెట్టాను.

ఆదివారం రాత్రి చేసిందంతా మామూలు పని. అప్లికేషన్ ఆపాం, చివరి స్నాప్‌షాట్ తీశాం, కీతో కాపీ చేశాం, కొత్త డేటాబేస్ లేపాం. లేపేటప్పుడు, డేటాబేస్‌కు ఎక్కడి నుంచి కనెక్ట్ కావొచ్చో తేల్చే సెక్యూరిటీ గ్రూప్ మనమే ఎంచుకోవాలి, లేకపోతే డిఫాల్ట్‌ది తగిలించేస్తుంది, అప్లికేషన్ కనెక్ట్ కాక తెల్లారేదాకా తల పట్టుకోవాలి. పాతదాని పేరు మార్చి, కొత్తదానికి ఆ పేరు పెడితే అడ్రస్ అదే ఉంటుంది, కోడ్ ముట్టుకోనక్కర్లేదు.

ఒక విషయం చాలామంది చెప్పరు. స్నాప్‌షాట్ నుంచి లేచిన డేటాబేస్ మొదట్లో నెమ్మదిగా ఉంటుంది, ఎందుకంటే అడిగినకొద్దీ డేటాను డిస్కులోకి తెచ్చుకుంటుంది. మంచిర్యాల సెంటర్లో పొద్దున 6 గంటలకే ఫాస్టింగ్ షుగర్ వాళ్లు లైన్లో ఉంటారు, పరగడుపున వచ్చిన ముసలివాళ్లను నిలబెట్టకూడదు. అందుకే రాత్రే రిపోర్టుల టేబుళ్లన్నీ ఒకసారి మొదటి నుంచి చివరిదాకా చదివించాం. పొద్దున ఎవరూ ఫోన్ చేయలేదు.

ఆడిటర్ స్క్రీన్ మీద "ఎన్‌క్రిప్షన్ ఎనేబుల్డ్" చూసి టిక్కు పెట్టి వెళ్లాడు. పాత స్నాప్‌షాట్ల గురించి అడగలేదు. అవి ఎన్‌క్రిప్ట్ కాకుండా అట్లాగే ఉంటే ఇంత కష్టం ఎందుకు పడ్డట్టు? టెస్టింగ్ కోసమని ఎవరో ల్యాప్‌టాప్‌లోకి దింపుకున్న డంపులూ అంతే. ఈ ఎన్‌క్రిప్షన్ కాపాడేది డిస్కును, బ్యాకప్‌ను. డేటాబేస్ పాస్‌వర్డ్ చేతిలో ఉన్నవాడికి అంతా మామూలుగానే కనిపిస్తుంది. ఒక ఆడబిడ్డ హెచ్‌ఐవీ రిపోర్టో, ప్రెగ్నెన్సీ రిపోర్టో ఊళ్లో పొక్కితే ఆమె బతుకు ఏమవుతుందో మనకు తెలియంది కాదు. టిక్కు కోసం కాదు, ఆమె కోసం చేయాలి ఈ పని. శాఖల్లో అందరూ వాడుతున్న ఒకే పాస్‌వర్డ్‌ను ఆ రోజే మార్పించి, మనిషికో లాగిన్ ఇప్పించాను. రిసెప్షన్ వాళ్లు సణిగారు, సణగనీ.

పాత డేటాబేస్‌ను ఇంకొన్నాళ్లు ఆపి ఉంచి, కొత్తది నిలకడగా ఉందని తేలాక దాన్నీ, దాని స్నాప్‌షాట్లనూ తీసేస్తాం. బిల్లింగ్ డేటాబేస్ ఒకటి మిగిలింది. దాని కీ పాలసీ నేనే రాస్తున్నాను, డాక్టర్ గారు ఒప్పుకున్నారు.